మాస్టారి కుడికాలు

ఆ ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఒక్కరే. ఆయన్ని అందరూ మాస్టారనే అంటారు. ఆయన భార్య డ్రైవింగ్ స్కూల్లో బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తుతూ, వచ్చినవాళ్లకి ధైర్యం చెబుతూ ఉంటుంది కాబట్టి ఆవిడ అందరికీ అక్క. మనమూ అలాగే పిలుద్దాం. ఆవిడకి ఆ పిలుపే ఇష్టం.

ఆ ఆదివారం పొద్దున అక్కకి కాళ్లు నేల మీద నిలవడం లేదు. సముద్రం పక్కన కొండ మీద ఒక పెద్ద తోట ఉంది. ఊళ్లో దాన్ని చూడనివాళ్లు లేరు. చూసొచ్చిన ప్రతివాళ్లూ పూల గడియారం ముందు తీయించుకున్న ఫోటోని అక్క కళ్ల ముందు పెట్టి, నువ్వింకా చూడలేదా అని ఆశ్చర్యపోయేవారు. ఆవిడ నవ్వేసి ఊరుకునేది. మాస్టారికి ఆదివారాలే పాఠాలు ఎక్కువ, ఇక తోటకి తీసుకెళ్లేదెవరు? ఇన్నాళ్లకి ఆ తోటకి బయల్దేరింది. బయల్దేరడం ఒక ఎత్తు, కారు తనే నడుపుకుంటూ బయల్దేరడం ఒక ఎత్తు.

దీని వెనక ఒక పందెం ఉంది. స్కూల్లో చేరే ఆడవాళ్లు చాలామంది నాలుగు రోజులకే మానేసేవారు. మాస్టారు చెడ్డవారేమీ కాదు. కాకపోతే కారెక్కితే ఆయన నోరు హారన్ కన్నా ముందు మోగుతుంది. వాళ్లు ఏడుపు మొహాలతో దిగి వచ్చి, అక్క బల్ల దగ్గర కూలబడి, మంచినీళ్లు తాగి, ఇది మా వల్ల కాదని చెప్పి వెళ్లిపోయేవారు. అలా వెళ్లిపోయినవాళ్లని చూసి చూసి అక్కకి కడుపు మండిపోయింది. మాస్టారి పక్కన కూర్చుని తనూ అప్పుడప్పుడు స్కూలు కారు నడిపేది కాబట్టి, వాళ్లకి తనే నేర్పాలనుకుంది. అనుకున్నది మొదలు మాస్టారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన విని విని, చివరికి ఒక రోజు విసుగ్గా ఒప్పుకున్నారు.

"నడపడం వేరు, నేర్పడం వేరు. గ్లాసు పరీక్ష నెగ్గి చూపించు. అప్పుడు మాట్లాడుకుందాం," అన్నారు.

గ్లాసు పరీక్ష ఆ స్కూలు సొంత సొత్తు. లైసెన్సు సంగతి ఎలా ఉన్నా, మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్లు చివరి రోజున వెనక సీట్లో ఒకర్ని కూర్చోబెట్టి, వాళ్ల ఒళ్లో నీళ్లు పోసిన స్టీలు గ్లాసు పెట్టి, ఊరు చుట్టి రావాలి. అంచుకి వేలెడు కిందదాకా నీళ్లుంటాయి. చుక్క ఒలికినా మళ్లీ పాఠాలే. మొదటిసారే నెగ్గినవాళ్లు ఇంతవరకూ లేరు. అది తన పరీక్ష గొప్పతనమని మాస్టారు మీసం మెలేస్తూ చెప్పుకునేవారు.

అక్క విషయంలో మాస్టారు కాస్త ఉదారంగానే ఉన్నారు. తోట దాకా పోయేది సాధన, తోట నుంచి ఇంటికి వచ్చేది పరీక్ష అన్నారు. గ్లాసు పట్టుకోవడానికి అత్తగారు ముందుకొచ్చారు. కొడుకు పక్షమూ కాదు, కోడలి పక్షమూ కాదు, నేను నీళ్ల పక్షం అని ముందే తేల్చి చెప్పేశారు. అసలు ఆవిడ ఆరాటమంతా తోట మీదే. తెల్లారకముందే తయారై, గ్లాసు చేత్తో పట్టుకుని కారులో కూర్చున్నారు.

ఇంకొక్క ముక్క చెప్పాలి. అది స్కూలు కారు. మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్లు తడబడితే పక్క నుంచి ఆయన ఆపుతారు. ఈ ప్రయాణంలో వాటి జోలికి పోనని మాస్టారు వెనక సీట్లో ఉన్న తల్లి మీద ఒట్టేశారు.

ఊరు దాటగానే సముద్రం కనిపించింది. రోడ్డు ఒక పక్క కొండని రాసుకుంటూ, ఇంకో పక్క నీళ్ల మీదికి వంగి చూస్తూ పోతోంది. కిటికీలోంచి ఉప్పుగాలి కొట్టి అక్క జుట్టంతా రేగిపోయింది. ఆవిడకి గట్టిగా ఒక కేక పెట్టాలనిపించింది, మాస్టారు పక్కన ఉన్నారని మింగేసింది. వెనక అత్తగారు మాత్రం ఏ మొహమాటం లేకుండా పడవ కనిపిస్తే పడవ, తెరచాప కనిపిస్తే తెరచాప అని చిన్నపిల్లలా చెబుతూనే ఉన్నారు. అక్క గేరు మార్చింది. కారు హాయిగా పాడుతున్నట్టు పోతోంది.

మొదటి మలుపు వచ్చింది. అక్క ముందుగానే వేగం తగ్గించుకుని, చక్కగా తిప్పబోయింది. సరిగ్గా నడిమధ్యలో కారు ఎవరో తోక పట్టి లాగినట్టు కుదిపి ఆగబోయి, మళ్లీ కదిలింది. గ్లాసులో నీళ్లు అత్తగారి ఒళ్లో పడ్డాయి.

మలుపు మధ్యలో బ్రేకు ఎందుకు నొక్కావని మాస్టారు అడిగారు. నొక్కలేదని అక్క చెప్పింది. "మరి కారు దానంతటదే ఆగిందా?" అని ఆయన నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. ఏళ్ల తరబడి ఇలాంటి మాటలు విన్నవాళ్ల జాలి ఉంది. కోపమైతే అక్క తిరిగి సమాధానం చెప్పేది. జాలికి ఏం చెబుతుంది?

రెండో మలుపులోనూ అదే తంతు. ఎదురుగా లారీ వచ్చినప్పుడూ అంతే. రోడ్డు పక్కన ఎవరో సైకిల్ ఆపుకుని సముద్రాన్ని చూస్తుంటే, వాళ్లు ఆమడ దూరంలో ఉన్నా కారు ఉలిక్కిపడింది. ప్రతిసారీ అక్క తన కాలి వంక చూసుకుంది. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. ఉందని తెలుస్తూనే ఉంది. అయినా పక్కన కూర్చున్నది మాస్టారు. ఆయన మాట మీద ఊరు ఊరంతా కారు నడుపుతోంది. కంగారులో తన కాలే తనకి తెలియకుండా ఏదో చేస్తోందేమోనని అక్కకి గుండెలో రాయి పడింది. తోట చేరేసరికి గ్లాసు ఖాళీ, అత్తగారి ఒడి తడి, కారు చక్రాల దగ్గర కమురు వాసన. వాన కూడా ఇంత తడపదర్రా అని అత్తగారు బట్టలు దులుపుకున్నారు.

తోట గేటు దగ్గర జనం తిరునాళ్లలా ఉన్నారు. టిక్కెట్ల వరస రోడ్డు దాకా వచ్చింది. ఊరుకోమంటే ఊరుకోని పిల్లలు, ఫోటోలకి నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టిన పెద్దలు, బుడగలమ్మేవాళ్లు, ఐస్‌క్రీం బండ్లు. వరసలో నిలబడ్డంతసేపూ అక్క మనసు వచ్చిన దారిలోనే తిరుగుతోంది. కానీ గేటు దాటి రెండడుగులు వేసిందో లేదో, ఆ దిగులు ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలియలేదు.

కొండని మెట్లుమెట్లుగా చెక్కి, ఒక్కో మెట్టు నిండా ఒక్కో రంగు పూలు పోశారు. పైమెట్టు మీద నిలబడితే ఆ రంగులన్నీ దిగుతూ దిగుతూ పోయి ఏకంగా సముద్రంలో కాళ్లు పెట్టినట్టు ఉంది. అక్క నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఫోటోల్లో ఎన్నిసార్లు చూసిందో, అయినా ఏ ఫోటోలోనూ ఈ గాలి లేదు, ఈ వాసన లేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారి చెయ్యి పట్టుకుని పరిగెత్తినట్టే నడిచింది. గులాబీలు అల్లుకున్న పందిరి కిందికి ఇద్దరూ దూరి, ఇంకో చివర బయటపడి, బాగుందని మళ్లీ వెనక్కి దూరారు. గాజు ఇంట్లో తామరాకంత ఆకులున్న మొక్కల కింద నిలబడి చెమటలు కక్కారు. పచ్చిక మీద నడవరాదన్న బోర్డు పక్కనే అత్తగారు చెప్పులు విడిచి ఒక్క పాదం మోపి, తీసేసి, ఏమీ ఎరగనట్టు ముందుకు నడిచారు.

పూల గడియారం చూస్తే అక్కకి నవ్వు ఆగలేదు. పెద్ద ముల్లు కదిలినప్పుడల్లా జనం చప్పట్లు కొడుతున్నారు. దాని ముందు ముగ్గురూ నిలబడి ఫోటో తీయించుకున్నారు. మాస్టారు మాత్రం ఫోటోకి ముందు ఆ ముల్లు సరిగ్గా తిరుగుతోందో లేదో తన చేతి గడియారంతో సరిచూసుకుని, తోటవాళ్లకి మంచి మార్కులు వేశారు.

చెరువు దగ్గర బాతులు ఈదుతున్నాయి. అక్కడున్న కొట్లో పిల్లలు నొక్కితే కీచుమనే రబ్బరు బాతులు అమ్ముతున్నారు. బొటనవేలంత ఉన్నాయి. అత్తగారు ఒకటి కొనుక్కున్నారు. ఎవరికని కొడుకు అడిగితే, నాకే అన్నారు. కొన్న దగ్గర్నుంచి కీచు, కీచు అని నొక్కుతూనే ఉన్నారు.

అప్పుడు ఎక్కారు బొమ్మ రైలు. తోట అంచు వెంబడి, సముద్రానికి ఎత్తున, ఒక చుట్టు తిప్పి తెస్తుంది. తలుపుల్లేని చిన్న పెట్టెలు, ఎదురెదురు బెంచీలు. ఒక బెంచీ మీద మాస్టారు, ఆయన తల్లి. ఎదుటి బెంచీ మీద అక్క. రైలు కూత వేసి కదిలింది. పిల్లలంతా ఒక్కసారి అరిచారు, ఈసారి అక్క కూడా వాళ్లతో కలిసి అరిచేసింది. కింద అలలు రాళ్లకి కొట్టుకుని నురగ కక్కుతున్నాయి. రైలు పూల మధ్యలోంచి దూసుకుపోతోంది.

మలుపు వచ్చింది. మాస్టారి కుడికాలు ముందుకి చాచుకుని పెట్టె నేలని గట్టిగా నొక్కింది.

చెప్పు సర్దుకుంటున్నారేమో అనుకుంది అక్క. రైలు కూత వేసింది, కాలు మళ్లీ నొక్కింది. పట్టాల పక్కన ఒక పిల్ల బంతి కోసం వంగింది, కాలు నొక్కింది. ఇంకో మలుపు, ఇంకో నొక్కుడు. అక్క ఆయన మొహం చూసింది. మొహం ప్రశాంతంగా ఉంది. దూరంగా పోతున్న ఓడని ఆయన తల్లికి చూపిస్తున్నారు. కాలు మాత్రం తన పని తను చేసుకుపోతోంది.

అక్కకి ఒక్కసారి ఒళ్లంతా జల్లుమంది. పొద్దుటి మలుపులన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. ఆ రెండు బ్రేకులూ ఒకే తీగకి కట్టినవి. ఇటు నొక్కినా అటు నొక్కినా కారు ఆగుతుంది. తన కాలు యాక్సిలరేటర్ మీద ఉంటే పక్క కాలు ఏం చేస్తోందో తనకేం తెలుస్తుంది? సొంత కారు కొనుక్కున్న ప్రతి శిష్యుడూ వచ్చి, మా బండి మీ బండి కన్నా తేలిగ్గా పోతోంది మాస్టారూ అనేవాడు. మీ కారుకి బ్రేకులు తినే జబ్బుందని మెకానిక్ తల పట్టుకునేవాడు. గ్లాసు పరీక్షలో మొదటిసారే నెగ్గినవాళ్లు లేరు. ఎలా నెగ్గుతారు? అక్కకి నవ్వొచ్చింది, ఒళ్లు మండింది, అన్నిటికన్నా ఎక్కువగా గుండె మీద రాయి దిగిపోయింది. తప్పు తన కాలిది కాదు.

"ఏమండీ, మీరు బ్రేకు నొక్కుతున్నారు," అంది.

"నేనా? నీకేమైనా మతిపోయిందా? ఇది రైలు," అన్నారు మాస్టారు. కాలి వంక చూసుకున్నారు. కాలు అమాయకంగా వెనక్కి వచ్చి చెప్పులో కూర్చుంది. పొద్దున కార్లోనూ మీరే నొక్కారేమో అని అక్క అంటే, అమ్మ మీద ఒట్టేసి నొక్కుతానా అని ఆయన నొచ్చుకున్నారు. ఆ నొచ్చుకోవడం నిజమే. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. ఇక మాటలతో లాభం లేదని అక్కకి అర్థమైంది.

రైలు దిగాక మాస్టారు వాహనాలు నిలిపే చోటు ఎంత అధ్వానంగా ఉందో కాపలావాడికి వివరించడానికి వెళ్లారు. అక్క అత్తగారి చెవిలో రెండు ముక్కలు చెప్పింది. అత్తగారు ముక్కున వేలేసుకున్నారు, ఆ వెంటనే బాతుని కోడలి చేతిలో పెట్టారు. అక్క జుట్టుకున్న రబ్బరుబ్యాండు తీసి, కార్లో మాస్టారి వైపు దూరి, ఆ బాతుని బ్రేకు మీద కట్టింది. కింద పెడితే ప్రమాదం, పైగా తను నొక్కినా అది అరుస్తుంది. పైన ఉంటే, దాని మీద కాలు వేసినవాళ్లకే అరుస్తుంది. తన బ్రేకు నొక్కి చూసుకుంది. ఆ వైపు బ్రేకు దానంతటదే దిగింది, బాతు నోరెత్తలేదు. అక్కకి తన తెలివికి తనకే ముద్దొచ్చింది.

గ్లాసులో నీళ్లు నింపారు. పరీక్ష మొదలైంది.

తోట గేటు దాటి కారు కిందికి దిగుతోంది. మలుపు రానే వచ్చింది.

కీచు.

కారు కుదిపింది, రెండు చుక్కలు అత్తగారి ఒళ్లో పడ్డాయి. మాస్టారు వెనక్కి తిరిగి, అమ్మా, పరీక్ష జరుగుతుంటే ఆ బొమ్మతో ఆటలేమిటి అని విసుక్కున్నారు. అత్తగారు గ్లాసు ఒళ్లో ఇరికించి, రెండు చేతులూ ఖాళీగా పైకెత్తి చూపించారు. ఎదురుగా ఒక బస్సు వచ్చింది.

కీచు.

మాస్టారు ఈసారి తల వంచి చూశారు. తన చెప్పు కింద పసుపు రంగు బాతు ముక్కు బయటపెట్టి చూస్తోంది. అక్క కారు రోడ్డు పక్కకి తీసి మెల్లగా ఆపింది. అల ఒకటి వచ్చి రాళ్లకి కొట్టుకుని వెళ్లిపోయింది. మాస్టారు కాలు ఎత్తారు, మెల్లగా మోపారు. కీచుమంది. మళ్లీ ఎత్తారు.

"ఎప్పట్నుంచి?" అన్నారు, చాలా చిన్న గొంతుతో.

"అది మీ కాలినే అడగండి," అంది అక్క.

ఒట్టు తప్పినా తను ఇంకా బతికే ఉన్నానని అత్తగారు వెనక నుంచి గుర్తు చేశారు. మాస్టారు నవ్వలేదు. అద్దంలోంచి సముద్రం వైపు చూస్తూ ఉండిపోయారు. తేలిగ్గా పోతున్న శిష్యుల బండ్లు, మెకానిక్ మొత్తుకోలు, ఏడుస్తూ దిగిపోయిన ఆడవాళ్లు, అన్నీ ఇప్పుడు ఆయన కళ్ల ముందు తిరుగుతున్నాయని అక్కకి తెలుస్తూనే ఉంది. ఆవిడకి అయ్యో అనిపించింది.

మాస్టారు వంగి చెప్పులు విప్పారు. రెండు కాళ్లూ పైకి తీసుకుని సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నారు. కాలి బొటనవేళ్లు రెండూ చేతుల్తో గట్టిగా పట్టుకున్నారు.

"గ్లాసు నింపమ్మా. ఇప్పుడు మొదలు పరీక్ష," అన్నారు. తర్వాత భార్య వైపు తిరిగి, "పోనీ," అన్నారు.

అక్క కారు కదిపింది. కదిపాక గాని తెలియలేదు ఆవిడకి, ఇన్నేళ్లలో ఈ కారు ఎప్పుడూ పూర్తిగా తన చేతిలో లేదని. ఇప్పుడు పక్కన ఆపే కాలు లేదు. తప్పు చేస్తే తనదే, ఒప్పు చేసినా తనదే. భయమూ ఉంది, భయం కన్నా పదింతల సంబరమూ ఉంది. మలుపుకి ముందే వేగం తగ్గించింది, స్టీరింగు తిప్పింది. కారు వెన్న మీద కత్తిలా జారిపోయింది. మాస్టారి మోకాళ్లు ఒక్కసారి ఎగిరి పడ్డాయి. వేళ్లు మాత్రం ఆయన వదల్లేదు.

సముద్రం చూడ్డానికి జనం ఆగే చోట ఒక కుటుంబం అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి దిగింది. మాస్టారి గొంతులోంచి ఏదో శబ్దం రాబోయి ఆగిపోయింది. అక్క బ్రేకు మీద కాలు మోపి, నిద్రపోతున్న పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినంత నెమ్మదిగా కారుని నిలబెట్టింది. వాళ్లు చెయ్యూపుతూ దాటారు. నీళ్లు ఎలా ఉన్నాయని అక్క వెనక్కి చూడకుండానే అడిగింది. గ్లాసులో తన మొహం కనిపిస్తోందని అత్తగారు చెప్పారు. ఇక అక్క ఆపుకోలేదు. పొద్దున మింగేసిన కేకని కిటికీలోంచి సముద్రం మీదికి వదిలేసింది.

ఇంకాస్త దూరం పోయాక పక్క సీటు నుంచి గురక వినిపించింది. మాస్టారు మఠం వేసుకున్నవారు వేసుకున్నట్టే, తల తలుపుకి ఆనించి నిద్రపోతున్నారు. కదిలే కార్లో ఆయన కళ్లు మూయగా తల్లి కూడా ఎప్పుడూ చూడలేదట. అక్క ఆయన వైపు ఒక్కసారి చూసి, మళ్లీ రోడ్డు మీదికి చూపు తిప్పుకుంది. కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లతో బండి నడపకూడదని స్కూల్లో చెబుతారు కాబట్టి వెంటనే తుడిచేసుకుంది.

ఇంటి ముందు కారు ఆగాక మాస్టారు మేలుకున్నారు. అత్తగారు గ్లాసు ముందుకి అందించారు. నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఆయన గ్లాసుని కాసేపు చూసి, ఎత్తి గటగటా తాగేశారు. తర్వాత బిగుసుకుపోయిన కాళ్లు మెల్లగా కిందికి దించి, బ్రేకు మీదున్న బాతుని ఊడదీయడానికి వంగారు.

"అది ఉండనివ్వండి," అంది అక్క. "రేపటి నుంచి ఆ సీట్లో కూర్చునేది నేను. నా కాలు ఏం చేస్తోందో నాకూ తెలియాలి కదా."